రంగడు మేత మానేశాడు

"ఆ తడక తెరవద్దు" అన్నాడు ఈశ్వరప్ప, నెత్తి మీది మల్బరీ ఆకు మోపు దించకుండానే. "పొర విడిసేటప్పుడు గాలి తగలకూడదు."

"రెండు దినాలాయ, ఆకు ముట్టలేదు" అంది బుజ్జమ్మ.

"జ్వరంలో ఉండే పురుగు మేత ముడతాదా? నాకు తెలవదా?"

మొగుడికి తెలియనిది ఏముంది కనక? పుంగనూరు పక్కన ఆ ఊళ్ళో ఇరవై ఏండ్లుగా పట్టుపురుగులు మేపుతున్నాడు. పురుగు పొర విడిచే ముందు మేత మాని, తల ఎత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్నే జ్వరం అంటారు. అప్పుడు ఆకు వేయకూడదు, ముట్టకూడదు. సున్నం చల్లి వదిలేస్తే అదే లేచి మేతకు వస్తుంది. లక్షల పురుగుల్ని లేపిన మనిషికి ఒక్క తొండను లేపడం ఒక లెక్కా?

తొండ కాదది, ఇగ్వానా; తొండలాగే ఉండి మూరల పొడవు పెరిగే పరదేశపు జీవి. కుప్పంలో ఒక గ్రానైట్ ఆసామి, బిడ్డ అడిగిందని బెంగుళూరు నుంచి తెప్పించాడు. ఆర్నెల్లకు ముచ్చట తీరింది. తర్వాత దాన్ని మోటారు రూంలో పడేశారు. అక్కడ పనిచేసే చిన్నస్వామి చూడలేక, అట్టపెట్టెలో వేసి అక్క బుజ్జమ్మకు తెచ్చిచ్చాడు. వచ్చిన దినం తోలూ ఎముకే. దవడ వాచిపోయి, కాళ్ళు వణుకుతూ, మనిషి నీడ పడితే చాలు మూలకు నక్కేది.

బుజ్జమ్మ దానికి రంగడని పేరు పెట్టింది. పురుగుల తట్టలు పెట్టే పాత స్టాండుకు జాలీ చుట్టి, ముందు తడక తలుపు పెట్టి ఇల్లు కట్టింది. నడింట్లో దూలానికి, పుట్టబోయే బిడ్డ ఉయ్యాల కోసం కొట్టించిన కొక్కెం ఒకటి ఉంది. పన్నెండేండ్లుగా దానికేమీ తగిలించలేదు. దానికి వేడి బల్బు వేలాడదీసింది. పొద్దున గోరువెచ్చటి నీళ్ళ టబ్బు, తర్వాత ఎండ, మునగాకు, గుమ్మడి తురుము, మందు కొట్టని సాళ్ళలో కోసిన మల్బరీ ఆకు. నాలుగు నెలలకు రంగడు పచ్చబడ్డాడు. ఆమె కూర్చుంటే మోకాలెక్కి, కొంగు కింద కడుపుకు ఆనుకుని పడుకునేవాడు. పడుకున్నంతసేపూ ఆమె లేచేది కాదు, పొయ్యి మీద పాలు పొంగినా సరే.

అట్లాంటివాడు మేత మానేశాడు. అంతకు ముందు వారమంతా గోళ్ళు అరిగేదాకా మూలలు గీరాడు.

"దేనికో ఎదుకుతాండాడు వీడు" అంది బుజ్జమ్మ. "మట్టి కావాలేమో. టబ్బులో ఇసక పోస్తా."

"ఇసక పోస్తే తేమ పడతాది. వీపు మీద సూడు, పొర లేస్తాండాది."

నిజంగానే తెల్లగా పొర లేస్తోంది. ఈశ్వరప్ప చెప్పేదాంట్లో సగం నిజముంటుంది. వచ్చిన చిక్కంతా అదే.

"పొట్ట ఉబ్బినట్టు లేదా?"

"నువ్వు మేపిన మేపుకు ఉబ్బకుండా ఉంటాదా?"

"మదనపల్లెలో కుక్కలకూ చిలకలకూ సూసే డాక్టరు ఉండాడంట. ఆటో మాట్లాడు. నేనొక్కదాన్నే పోయొస్తా."

"రేపు పురుగు నాలుగో జ్వరం లేస్తాది. పూటకు పది మోపుల ఆకు కోసేదెవురు? పో, పంట నేలపాలు చేసి పో." అని, ఆమె ముఖం చూసి కాస్త తగ్గాడు. "యాల భయపడతావు? పురుగుకైతే ఒక దినం. ఇంత ప్రాణానికి మూడు దినాలు. మూడు దినాలు ఓర్సుకో, అదే సర్దుకుంటాది."

బుజ్జమ్మ అతని వైపే చూస్తూ నిలబడింది. బల్బు వేలాడే కొక్కెం వైపు ఒకసారి చూసి, కొడవలి తీసుకుని తోటకు పోయింది.

ఈశ్వరప్ప చెడ్డవాడేమీ కాదు. ఆ సాయంత్రం తానే బల్బు ఆర్పి, జాలీ చుట్టూ గోనె పట్టాలు కట్టి, కింద సున్నం చల్లాడు. పసిబిడ్డకు చేసినట్టు చేశాడు.

చెప్పినట్టే మర్నాటికి షెడ్డులో పురుగులు లేచాయి. ఆకు తింటూంటే వాన పడుతున్నట్టు చప్పుడు. రంగడు లేవలేదు. మూడు దినాలూ నిండిన పొద్దున పట్టా విప్పితే, కన్ను మాత్రం ఒకసారి తెరిచాడు.

మదనపల్లెలో డాక్టరు పొట్ట తడిమి, "గుడ్లు నిండిపోయి ఉన్నాయి" అన్నాడు.

"గుడ్లేంది సార్? అది మొగది. రంగడు" అన్నాడు ఈశ్వరప్ప.

"మగదని ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు.

"మొగతోడే లేదే సార్, గుడ్లు యాడనుంచి వస్తాయి?"

"ఫారం కోడి పెట్టడంలా? ఇదీ అంతే. పెట్టుకోడానికి తవ్వేంత మట్టి కావాలి దీనికి. దొరక్క లోపలే ఆపుకుంది. ఇసక పోసుంటే పెట్టేసేదేమో. మూడు రోజుల ముందు తెచ్చినా, కోసి తీసేవాణ్ణి."

ఆయన సూది మందు ఎక్కించేలోపే ప్రాణం పోయింది.

ఆటోలో పుంగనూరు మీదుగా తిరిగొచ్చారు. బుజ్జమ్మ ఒళ్ళో తువ్వాలు మూట. తోట గట్టున పూడ్చి ఇంటికొచ్చాక, ఈశ్వరప్ప స్టూలెక్కి బల్బు విప్పాడు. దిగి, ఆ స్టూలు మీదే కూలబడ్డాడు. పెండ్లయిన ఇన్నేండ్లలో అతను ఏడవడం బుజ్జమ్మ చూడలేదు.

"తప్పైపాయ బుజ్జీ" అన్నాడు. "కడుపుతో ఉండాదని నాకేం తెలుసు? తెలిసుంటే మూడు దినాలు ఆగమందునా?"

బుజ్జమ్మ ఖాళీ కొక్కెం వైపు చూసింది.

"పన్నెండేండ్ల కిందట నన్ను ఆగమన్నప్పుడు తెలుసు గదా."