గోడ మీది దీవి

“అది వద్దమ్మా. అక్కడ దోమలెక్కువ.”

టూర్ల ఆఫీసులో పద్దెనిమిదేళ్ళుగా దీవులు అమ్ముతున్న మనిషి అన్న మాట అది. ఆఫీసులో అతన్ని రేడియో అంటారు. ఒకప్పుడు నోరు తెరిస్తే, కస్టమరు సంతకం పెట్టేదాకా మూసేవాడు కాదు. రెండు నెలలుగా ఎందుకో గొంతు పడిపోయింది. ఈ నెల ఇంకో రెండు బుకింగులు రాకపోతే ఒక కుర్చీ తీసేస్తామని పైనుంచి కబురొచ్చింది. ఉన్నవే రెండు కుర్చీలు. రెండోది మేనేజరుది.

ఎదురుగా కూర్చున్నది కొత్త జంట. పెళ్ళై నాలుగు నెలలు. ఆమె రంగు చేపలమ్మే షాపులో పని చేస్తుంది. చేపను చిన్న వలతో పట్టడం, ప్లాస్టిక్ కవర్లో నీళ్ళు పోసి అందులో వదలడం, మూతి ముడివేసి చేతికివ్వడం, రోజంతా ఇదే. ఎవరూ పట్టని చేపల్ని ఒక్కసారి వాటి ఇంట్లోనే చూడాలని ఆమె కోరిక. అతను కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. అతనికి ఈత రాదు. రాదంటే బొత్తిగా రాదు. భార్య మీద ప్రేమకొద్దీ, నీళ్ళ మీద తేలుతూ చేపల్ని చూసే స్నార్కెలింగ్‌కి సరేనన్నాడు గానీ, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆమె చూపంతా గోడ మీదే ఉంది.

గోడ నిండా పెద్ద పోస్టరు. అద్దంలాంటి నీళ్ళు. అడుగున పగడపు దిబ్బలు, పసుపు చారల చేపలు. పైన ఒక మనిషి బోర్లా పడుకుని తేలుతున్నాడు. మొహానికి మాస్కు, నోట్లో గొట్టం, ఒంటి మీద నారింజ రంగు లైఫ్ జాకెట్. చేతులు రెండూ బార్లా చాపి ఉన్నాయి. పక్కన పెద్ద అక్షరాలు: ‘అన్నీ మరచిపోండి.’

“నాకదే కావాలండీ,” అందామె.

రేడియో ఇంకో కాగితం ముందుకు తోశాడు. “ఇది చూడండమ్మా. ఇక్కడ నీళ్ళు మోకాలి లోతే. కూర్చుని చూసినా చేపలు కనిపిస్తాయి.”

“కూర్చుని చూసే చేపలు మా షాపులోనూ ఉన్నాయి కదండీ.”

“ఆ దీవిలో గదులు మరీ ఇరుకు.”

“గదిలో ఎవరుంటారు?”

“వంట కూడా బాగుండదమ్మా. ఉప్పెక్కువ.”

“సముద్రం కదా మరి,” అని నవ్విందామె.

తన సరుకును తనే తిట్టుకునే వ్యాపారిని వాళ్ళెక్కడా చూడలేదు. భర్తకు మాత్రం ఆ తిట్లు చెవికి ఇంపుగా ఉన్నాయి. “పోనీ, ఆయన చెప్పిందే చూద్దామా?” అన్నాడు మెల్లగా. ఆమె మొహం చిన్నబోయింది.

అప్పుడు అద్దాల గదిలోంచి మేనేజరు లేచి వచ్చాడు. వేరే బ్రాంచి నుంచి ఇక్కడికి బదిలీ అయి నెల కూడా కాలేదు. వస్తూనే రేడియో భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఎంత బరువో రేడియోకి తెలుసు.

“ఆ ఫొటోలో ఉన్నది మోడల్ కాదు మేడమ్. మా కస్టమరే. మీలాగే ఇద్దరూ వెళ్ళారు. మావాళ్ళు ఎక్కడికి వెళ్ళినా అక్కణ్ణించే ఫొటోలు తీసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టమంటాం. అది ఆయన భార్య పడవలోంచి తీసి పంపింది. కింద ఏం రాసిందో తెలుసా? ‘అరగంటైంది, మావారు తల ఎత్తలేదు. చేపలు దొరికాక పెళ్ళాం ఎందుకు’ అని.”

ఆమె పకపకా నవ్వి భర్తను మోచేత్తో పొడిచింది.

“ఫొటో వచ్చిన గంటలో హెడ్డాఫీసు వాళ్ళు ఏరుకున్నారు. వారం తిరిగేసరికి అన్ని బ్రాంచీల గోడల మీదా అదే. పైగా ఆయనకీ ఈత రాదు. ఫారం నింపింది ఈయనే, కావాలంటే అడగండి.”

ఇద్దరూ రేడియో వైపు తిరిగారు.

భర్త కాస్త ముందుకు వంగాడు. “అన్నా, మీరు చెప్పండి. మీరు వెళ్ళమంటే వెళ్తాను, వద్దంటే మానేస్తాను. నాలాంటివాడికి ఏం కాదు కదా?”

రేడియో ఫారం తన ముందుకు లాక్కున్నాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. ముగ్గురూ ఇంకా చదువుల్లోనే ఉన్నారు. యాభై దాటినవాడికి ఇంకోచోట ఎవరు కుర్చీ వేస్తారు? భుజం మీద చెయ్యి అలాగే ఉంది. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

“జాకెట్ వేసుకుంటే ఎవరైనా తేలతారు బాబూ,” అన్నాడు. అది అబద్ధం కాదు.

భర్త గుండెల మీంచి బరువు దిగినట్టు నవ్వి, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు.

“అక్కడ నువ్వూ అచ్చం అలాగే పడుకో,” అంది భార్య లేస్తూ. “నేను ఫొటో తీసి వీళ్ళకి పంపిస్తా.”

మేనేజరు ఇద్దరికీ తలుపు తీసి పట్టుకున్నాడు. వాళ్ళు మెట్లు దిగుతుంటే రేడియో తలుపుదాకా వెళ్ళాడు. పిలుద్దామనుకున్నాడు. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

రెండు నెలల కిందట ఆ ఫొటో పంపినావిడ, పంపిన రోజు సాయంత్రమే ఆఫీసుకి ఫోన్ చేస్తే ఎత్తింది అతనే, ఎవరికీ చెప్పనిదీ అతనే. తను ఫొటో తీసేటప్పటికే ఆయన పోయి పావుగంటయిందని డాక్టరు చెప్పాడట.