కాకి ముట్టని కప్పు

సిద్దమ్మ దొడ్లో పశువుల మేతకు వేసిన చెనక్కట్టె వామిలోంచి కప్పు బయటికి లాగి, కబడ్డీ కెప్టెన్ ఓబుళేసు గుడ్లురిమినాడు.

"ఊరికి మొదటిసారి వచ్చిన జిల్లా కప్పు! క్లబ్బులోంచి ఎత్తుకొస్తావా సిద్దమ్మత్తా?"

"నొప్పంటున్నా నా పెద్దకొడుకును ఆ కప్పు ఆటలో కూతకు తోలితిరి. గుండె ఆగి సచ్చె. దినాలప్పుడు కాకి పిండం ముట్టలేదు నాయనా. కప్పు మింద ఆశేమోనని తెచ్చి పక్కన పెట్టినా."

"ముట్టిందా?"

"కప్పు పెట్టినా ముట్టలేదు. 'నీ తమ్మున్ని ఆటకు పంపను, నా మీదొట్టు' అని నేనంటానే కాకి వచ్చి ముట్టింది. ఆ కప్పును చూడలేక వామిలో తోసినా. తీసుకపో."

ఓబుళేసు కప్పు పట్టుకోని వాకిట్లోకి వచ్చినాడు.

వీధిలో టీము జీపు ఆగి ఉండాది. అందులో ఆమె చిన్నకొడుకు తిప్పేష్, సచ్చిన అన్న బనీను తొడుక్కోని, ఆటకు టైమైందని హారను కొడతాండాడు.