కాళ్లు పడిపోయాక

గుట్ట కింద అడవిలో ఒక నక్క ఉండేది. "ఏటా గంపెడు దుంపలివ్వండి. ముసలితనంలో మీ కాళ్లు పడిపోతే తిండీ నీళ్లూ ఇంటికే తెచ్చిపెడతాను" అని అందరికీ మాటిచ్చింది.

ముళ్లపందికీ వయసు మీద పడుతోంది. ఇవ్వాలా వద్దా తేల్చుకోలేక, పదేళ్లుగా ఇస్తున్న కుందేలవ్వను అడుగుదామని వెళ్లింది. అవ్వ వెనక కాళ్లు పడిపోయి, దాహంతో పొదలో పడి ఉంది.

"నక్క రాలేదా అవ్వా?"

"వచ్చి చూసింది నాయనా. ముందుకాళ్లు ఆడుతున్నాయిగా, వాగుదాకా పాక్కుంటూ పో, నాలుగూ పడిపోయాక కబురుపెట్టు అని వెళ్లిపోయింది."

ముళ్లపంది ఒంటిమీది ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. అవ్వకు దొప్పతో నీళ్లు తాగించి, నేరుగా నక్క గుహకు పోయింది. అక్కడ జంతువులన్నీ గంపలతో బారులు తీరి ఉన్నాయి.

"కుందేలవ్వ వెనక కాళ్లు పడిపోయి దాహంతో పొదలో పడి ఉంది. నాలుగు కాళ్లూ పడిపోతేనే వస్తానని ఏనాడైనా చెప్పావా?" అని అందరి ముందూ నిలదీసింది.

"మీరెవరూ అడగలేదు" అంది నక్క.

ఆ మాట వినగానే జంతువులు గంపలెత్తుకుని వెనక్కి తిరిగాయి.

"రేపు మీ కాళ్లు పడిపోతే ఎవడు చూస్తాడు?" అని అరిచింది నక్క.

"పడిపోతాయి! ఆ భయమేగా ఇన్నాళ్లూ నిన్ను మేపింది!" అంది ముళ్లపంది.

ఆ రోజు గంపలన్నీ కుందేలవ్వ పొద దగ్గర దిగాయి.