దొరసాని బొమ్మ

నీళ్ల సీసా లోపలికి తీసుకెళ్లొచ్చా అని బాబురావు అడిగాడు. గేటు దగ్గర టికెట్లు చింపే ఇషాక్ నవ్వాడు.

"ఎండ మస్తుంది, తీస్కపో అన్నా. తోటల మాత్రం పారెయ్యకు."

ఆ స్టీలు సీసాలో ఉన్నది నీళ్లు కాదు. పాత తలుపుల మీది రంగు ఊడగొట్టే మందు. బాబురావు ఇళ్లకు రంగులేసే మనిషి. ఆ మందు ఎంత మొండి రంగునైనా లేపేస్తుందని అతనికి తెలుసు.

పాతబస్తీలోని ఆ దేవిడీ బంగళాను దొరలు ఈమధ్యే మ్యూజియం చేశారు. టికెట్టు కొంటే తోట, మేడ, వంశం వాళ్ల పటాలు అన్నీ చూపిస్తారు. ఆ సంగతి విన్నప్పటి నుంచి తల్లి కృష్ణమ్మది ఒకటే పోరు.

"దొరసాని బొమ్మ ఒక్కసారి చూపియ్యి కొడుకా."

"జుట్టు వట్టి గుంజి నిన్ను బజార్ల పడేసిన కొంప అది. మల్ల ఆ గడప తొక్కుతవా? సిగ్గులేదా నీకు?"

పెళ్లికి ముందు ఆమె అక్కడ పనిపిల్ల. దొరసాని ముత్యాలదండ కనబడకపోతే, దొంగవు నువ్వేనని గెంటేశారు. ఆ తర్వాత లాల్‌దర్వాజాలో ఎవరూ ఆమెను గడపలోకి రానివ్వలేదు. ఇటుకలు మోసి బతికింది. 'దొంగ కృష్ణమ్మ కొడుకు' అని పిలిపించుకోలేక బాబురావు బడి మానేశాడు.

దొర మనవడు మనీష్ దగ్గరుండి అన్నీ చూపించాడు. తోటలో ఒక ఎత్తయిన గోడ పక్కన ఆగాడు.

"ఇది ఆడవాళ్ల తోట. మా నానమ్మ విమలాదేవిగారు గోషాలో ఉండేవారు, పెళ్లయ్యాక ఈ గోడ దాటలేదు. డాక్టరొచ్చినా తెర వెనక నుంచి చెయ్యి మాత్రమే చాపేవారట."

"మస్తు మర్యాద ఇంటోళ్లు," అన్నాడు బాబురావు.

మేడ మీది హాల్లో, కుర్చీలో కూర్చున్న దొరసాని గోడంత పటం. జరీ చీర, మెడలో ముత్యాలు, లేత ముఖం. ఆ కళ్లు సూటిగా బాబురావునే చూస్తున్నాయి. అతను చూపు తిప్పుకున్నాడు.

"బొంబాయి ఆర్టిస్టు మూడు నెలలు ఇక్కడే ఉండి వేశాడు. మిగతావన్నీ పోయినా ఇదొక్కటి ఉంటే చాలు మాకు," అన్నాడు మనీష్.

పటం కింద అద్దాల పెట్టెలో అదే ముత్యాలదండ.

"ఇది పోయిందన్నరు కద సార్?"

"మీకెలా తెలుసు? అప్పట్లో పెద్ద లొల్లి అయిందట. నెల తర్వాత పరుపు కిందే దొరికింది. ఇప్పటికీ మా ఇంట్లో అదో జోక్."

"మరి దొంగ అని నూకేసిన పిల్ల?"

"ఏ పిల్ల?"

మనీష్‌కు నిజంగానే తెలియదు. ఫోన్ మోగితే వరండాలోకి వెళ్లాడు.

బాబురావు మూత తీశాడు. మందంతా ఆ ముఖం మీద కొట్టాడు. కదలకుండా నిలబడి చూశాడు. రంగు ఉబ్బింది. నుదురు ముడుచుకుంది. బుగ్గలు ముడతలు పడ్డాయి. కళ్లెదుటే ఆ లేత ముఖం ముసలిదై, కళ్లతో సహా కరిగి, చట్రం మీదికి జారింది.

పట్టుకుంటే పట్టుకోనీ. ఇన్నేళ్లకు కడుపు చల్లబడింది. పోలీసులు వచ్చేలోగా తల్లికి తన నోటితోనే చెప్పాలని ఆగకుండా ఇంటికొచ్చాడు.

"అమ్మా, ఆ దండ వాళ్ల పరుపు కిందనే దొరికిందంట. నువ్వు దొంగవు కాదు. నీ పగ తీర్చిన. దొరసాని మొఖం ఇంక ఎవ్వనికీ కనవడది. మందు పోసి కడిగేసిన."

కృష్ణమ్మ గోడకు చేరగిలబడింది.

"గోషల ఉన్న దొరసాని పరాయి మొగోని ముంగట ఎట్ల కూసుంటది కొడుకా, ఆమె చీర కట్టి, ఆమె దండ ఏసి, ఆ కుర్చీల కూసోబెట్టింది నన్నే గద."