ఇష్టముంటేనే

ఆఖరి ప్రశ్న అయిపోయిందని హర్షిత ఊపిరి పీల్చుకునేలోపే కంప్యూటర్ తెర మీద ఇంకో పేజీ తెరుచుకుంది.

"బోనస్ ప్రశ్నలు. ఇష్టముంటేనే రాయండి. తప్పుకు మార్కుల కోత లేదు."

హర్షితకు ప్రాణం లేచి వచ్చింది. ఫిజిక్స్ ఆమెను నిలువునా ముంచింది మరి. ఇబ్రహీంపట్నంలో ఎటు చూసినా ఇంజనీరింగ్ కాలేజీలే గానీ, ఆమెకు కావలసిన సర్కారు కాలేజీ సీటు మాత్రం పది మార్కుల దూరంలో ఆగిపోయేలా ఉంది.

"తెలియకుంటే మూడో ఆప్షన్ పెట్టుండ్రి, ఖాళీ మాత్రం వదలకుండ్రి" అని కోచింగ్‌లో పరశురాం సార్ ఏడాది పొడుగునా నూరిపోశాడు. ఆ అలవాటుతోనే మొదటి బోనస్‌కు చదవకుండా మూడు నొక్కింది.

కిటికీ అవతల, గేటు దగ్గర ఎవరో కెవ్వుమన్నారు. తల తిప్పి చూసింది. రోడ్డుకు ఇవతల నిలబడ్డ ఆమె బాపు కాలిన చేతిని దులుపుకుంటున్నాడు. కాళ్ల దగ్గర గ్లాసు పగిలి పడి ఉంది.

అప్పుడు చదివింది ప్రశ్న.

"శంకరయ్య చాయ్: 1. చల్లారుతుంది 2. తాగేస్తాడు 3. చేతి మీద ఒలుకుతుంది 4. ఈగ పడుతుంది."

శంకరయ్య ఆమె తండ్రి పేరు. చెయ్యి పైకెత్తింది. ఇన్విజిలేటర్ దివాకర్ వచ్చి తెర మీదికి వంగాడు.

"సార్, మా బాపు పేరు ఇందుల ఎందుకున్నది?"

"సిలబస్‌ల ఉన్నదే అడుగుతరమ్మా," అన్నాడాయన, మొహంలో ఏ మార్పూ లేకుండా. "ఇష్టముంటె పెట్టు, లేకుంటె వదిలెయ్. జబర్దస్తేం లేదు. అందరికి ఇవే."

రెండో ప్రశ్న శంకరయ్య స్కూటర్ గురించి. 'హారన్ దానంతటదే మోగుతుంది' అన్నది నాలుగో ఆప్షన్. దాన్ని నొక్కి చూసింది. రోడ్డుకు అవతల, ఎవరూ లేని స్కూటర్ హారన్ కొట్టింది. బాపు ఉలిక్కిపడి అటు చూశాడు.

మూడోదే ఆఖరిది. పది మార్కులు.

"ఈ సాయంత్రం శంకరయ్యను గుద్దేది: 1. లారీ 2. బస్సు 3. టిప్పర్ 4. కారు."

పది మార్కులంటే సీటు చేతిలో పడ్డట్టే. పాడు అలవాటు, వేలు మూడు వైపే జరగబోయింది. ఆమెకు తన వేలంటేనే భయమేసింది. మౌస్ వదిలేసి రెండు చేతులూ ఒళ్లో బిగించుకుని కూర్చుంది. సీటు పోతే పోనీ, బాపు ఉంటే చాలు అనుకుంది. టైమ్ అయిపోయింది. తెర నల్లబడింది.

మెట్లు దిగి గేటు దాకా ఉరికి, బాపు చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

"ఏమైంది బిడ్డా, పేపర్ కష్టమొచ్చిందా?"

"అవ్ బాపు. ఒకటి వదిలేసిన."

"ఒక్కదానికే ఇంత ఏడుపా? ఫికర్ చెయ్యకు. ఈడనే నిలబడు, బండి తెస్త."

"జర చూస్కుంట దాటు బాపు."

శంకరయ్య నవ్వి రోడ్డు మీదికి అడుగు వేశాడు. వెనక నుంచి ఎవరో ఆమె భుజం తట్టారు. కోచింగ్‌లో పక్క బెంచీ పూజిత. మొహం వెలిగిపోతోంది.

"ఏమే, బోనస్ ఎట్ల చేసినవ్?"

హర్షిత ఆమె మొహంలోకి చూసింది. "నీకు గూడ వచ్చినయా?"

"అందరికి వచ్చినయట. నాకు టైం సాలలే. ముందటియి రెండు వదిలేసి, పది మార్కులది ఒక్కటే పెట్టిన."

హర్షిత గిర్రున రోడ్డు వైపు తిరిగింది. బాపు నడిరోడ్డు మీద ఆగి, వస్తున్నానంటూ ఆమెకు చెయ్యి ఊపుతున్నాడు. సాగర్ రోడ్డు మలుపులో పెద్ద హారన్ మోగింది.

"గా శంకరయ్య ఎవలో నాకేం తెల్సు," అంటోంది పూజిత. "సార్ చెప్పినట్టు మూడు పెట్టిన."