నాడి చెప్పిన పేరు

“పేరు తెలువనియ్యి, వాని తలకాయ తెగుతది!” అన్నాడు అంజన్న. గొడ్డలి అతని చేతిలోనే ఉంది.

మంచం మీద అతని భార్య బిక్షమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. తిండి మానేసింది. మాట మానేసింది. నల్లగొండ దవాఖానలో పొడిచిన సూదులు పనిచేయలేదు. ఇంకెన్నాళ్ళో బతికేలా లేదు. ఇంట్లో కోళ్ళ చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు.

“జబ్బు కాదు హకీంసాబ్, మనాది. మనసుల బెంగ,” అంది అత్త నర్సింగమ్మ. “పొద్దుగూకితే దొడ్డితలుపు కాడ నిలబడి బాట దిక్కు చూస్తుండె. ఎవనికోసమో!”

కట్టంగూర్ నుంచి వచ్చిన హకీం లియాఖత్ అలీ బిక్షమ్మ మణికట్టు పట్టుకున్నాడు.

“మాది యునానీ వైద్యం. యునాన్ అంటే గ్రీకు దేశం. రెండువేల ఏండ్ల కింద ఒక రాజు కొడుకు గిట్లనే మంచం పట్టిండట. హకీం నాడి పట్టుకొని ఒక్కొక్క పేరు పిలిపించిండు. ఒక పేరుకు నాడి ఎగిరింది. మనసుల ఉన్నదెవరో తెలిసింది. పిలువు అంజన్నా. జర గొడ్డలి కింద పెట్టు.”

అంజన్న పెట్టలేదు.

“గాజుల మల్లయ్య.”

హకీం తల అడ్డంగా ఊపాడు.

“కల్లు సైదులు.”

“వాడా? వాని మొకానికి ఈగలు సుత వాలయి,” అని మూతి తిప్పింది నర్సింగమ్మ. “దీనికేం తక్కువైంది కొడకా? కొత్తచీర తెస్తివి. పొద్దంత కొట్లాడుతున్నరని దీని సవతి గోపమ్మను తల్లిగారింటికి తోలిస్తివి. ఆ పోరు పోయినా ముద్ద దిగకపాయె. ఇసుర్రాయి ముంగట ఒక్కతే కూసుంటుండె, తిప్పకపోతుండె.”

“నువ్వు కానియ్యి అంజన్నా,” అన్నాడు హకీం, కళ్ళు మూసుకుని.

దర్జీ రాములు. ఓట్లప్పుడు జెండా పట్టుకొచ్చిన సాంబయ్య. ఎడ్ల బేరగాడు. ఊళ్ళో మగవాళ్ళంతా అయిపోయారు. అంజన్న హకీం వైపు తిరిగాడు.

“ఒక్క పేరుకు గూడ ఎగరలేదా?”

“ఎగిరింది.”

గొడ్డలి లేచింది. “ఎవడు వాడు?”

“నువ్వు పిలిచిన పేరు కాదు. మీ అమ్మ పిలిచింది.”

నర్సింగమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. “నేనా? నేనెవల్ని పిలిచిన?”

హకీం బిక్షమ్మ చేతిని మెల్లగా గొంగడి కిందికి చేర్చాడు.

“గోపమ్మను,” అన్నాడు.