ఎడం కాలు

"గేర్‌బాక్స్ పోయింది. ఈవేళ తేలకపోతే ఈణ్ణి దింపేత్తాను," అని సత్యనారాయణ అరకు సంత మొత్తానికి వినబడేలా చెప్పాడు.

ఈణ్ణి అంటే సోంబరుని. పదేళ్ళుగా ఆయన దగ్గర డ్రైవరు. ఇంట్లో అయిదుగురు తింటున్నది ఆ స్టీరింగు మీదే.

సత్యనారాయణ కింద మైదానం నుంచి వచ్చి కాఫీ, మిరియాలు కొంటాడు. కొండవాళ్ళకి బుర్ర ఉండదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మీదే వ్యాపారం దివ్యంగా సాగుతోంది. నాలుగు నెలల కిందట వెనక సీటు కూడా ఉన్న కొత్త పికప్ వచ్చింది. రాగానే తలుపు మీద 'సత్యనారాయణ ట్రేడర్స్' అని జానెడేసి అక్షరాలు రాయించాడు.

బండి ఆటోమేటిక్. గేర్లు దానంతటవే మారతాయి. కానీ ఘాట్ ఎక్కేటప్పుడు గేరు మారినప్పుడల్లా వెక్కిళ్ళు వచ్చినట్టు కుదుపుతోంది. బస్తాలు జారిపోతున్నాయి.

మెకానిక్ కామేష్ సంత పక్కనున్న తన షెడ్డులో, బండి వివరాలు రాసుకునే జాబ్ కార్డు తీశాడు. "ఓనరు పేరండి? ఆర్‌సీ ఉందా?"

"తలుపు మీద రాసుంది, సదువుకో. ముందు పని సూడు."

కామేష్ గేర్ ఆయిల్ చూశాడు. ఎర్రగా శుభ్రంగా ఉంది. మాడు వాసన లేదు. స్కానర్ పెట్టాడు, అదీ ఏ తప్పూ పట్టలేదు. ఒక్కడే అనంతగిరి రోడ్డు మీద రెండు మలుపులు తిప్పి తెచ్చాడు. బండి మెత్తగా వెళ్ళింది.

"అయితే ఏటి, నేను అబద్దమాడతన్నానా?" అన్నాడు సత్యనారాయణ. బండి బాగున్నందుకు కోపం వచ్చిన ఓనరుని కామేష్ మొదటిసారి చూశాడు.

ఈసారి సోంబరు తోలాడు. పక్కన కామేష్, చేతిలో టీ గ్లాసు. వెనక సీట్లో కాళ్ళు చాపుకుని సత్యనారాయణ. మొదటి ఎత్తులోనే కుదుపు. సత్యనారాయణ నుదురు ముందు సీటుకి కొట్టుకుంది. కామేష్ రోడ్డు వదిలేసి కిందకి చూశాడు. చూసి, నవ్వు ఆపుకోలేకపోయాడు.

పికప్ రాకముందు సోంబరు తోలింది పాత జీపు. ఇంజన్ గొంతు పెరిగితే చాలు, ఎడం కాలు క్లచ్ కోసం లేస్తుంది. ఈ బండికి క్లచ్ లేదు. ఆ కాలు పోయి పడేది బ్రేకు మీద.

"జబ్బు గేర్‌బాక్స్‌కి కాదండి. ఈ అన్న ఎడం కాలికి."

"ఎద్దుకేటి తెలుసు అటుకుల రుసి!" సత్యనారాయణ నుదురు రుద్దుకున్నాడు. "కొండోడి సేతికి కొత్త బండి ఇత్తే ఇంతే."

"మరి డ్రైవర్ని మార్చెయ్యకపోయారా? లేదంటే మీరే తోలుకోండి, ఉన్నవి రెండే పెడల్స్."

సత్యనారాయణ గొంతు కాస్త తగ్గింది. "సెక్‌పోస్టులో ఈడి మొకం కనబడాల. అయినా పాపం, జాలి."

ఆయనకి జాలి ఉన్నట్టు సంతలో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

సోంబరు ఎడం కాలు మడిచి సీటు మీద పెట్టుకున్నాడు. కుడి కాలితోనే ఎత్తు ఎక్కించాడు, మలుపు తిప్పాడు, వెనక్కి తెచ్చాడు. కామేష్ చేతిలో టీ తొణకలేదు.

షెడ్డు దగ్గర నలుగురు పోగై ఉన్నారు. "నాలుగు నెల్లు గేర్‌బాక్స్, గేర్‌బాక్స్ అన్నారు కదా బాబూ. కాలా?" అన్నారెవరో. అందరూ నవ్వారు.

ఆ నవ్వు సత్యనారాయణకి ఎక్కడో తగిలింది. సీట్లోంచి కదలకుండానే వేలు చూపించాడు. "సంతలో దింపేత్తానన్నాను, దింపేత్తన్నాను. దిగరా. బేగి తాళం ఇటియ్యి."

సోంబరు దిగలేదు. "జాబ్ కార్డు నిండలేదు కదా," అంటూ సొరుగులోంచి ఆర్‌సీ తీసి కామేష్‌కి అందించాడు.

కామేష్ దాన్ని రెండుసార్లు చదివాడు.

"సత్యనారాయణ గారూ, ఇది గిరిజన సబ్సిడీ బండి, ఓనరు కిల్లో సోంబరు అని ఉంది, దిగాల్సింది మీరేనండి."